వెనక్కి తొక్కిన నిమ్మకాయలు

మా బంధువుల్లో ఒక కథ చెలామణీలో ఉంది. పెళ్ళిళ్ళలో మొదటి పంక్తి లేచేదాకా కాచుకుని కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుకుంటారు. హోసూరులో మా ఆయన తన తండ్రి కారుకు ఇంట్లోనే వేరే ఇంజను పెట్టాడట. చక్కగా సాగుతున్న పనికి నేను అడ్డం వచ్చి, "ఈ బండి ఇంక ముందుకు పోయినట్టే" అన్నానట. ఆ మాట తగిలి కారు వెనక్కి నడవడం మొదలుపెట్టిందట. చెప్పడం అయ్యాక నా వైపు చూసి, "కరినాలికమ్మా, కరినాలిక" అని నవ్వుతారు.

ఆ మాట నేను అన్నాను. కాదనను. ఏ సందర్భంలో అన్నానో వదిలేసి మాటొక్కటే ఏరుకోవడం మాత్రం అన్యాయం. అయినా మాటకు ఇంజను తిరిగేటట్టయితే, నేనుండగా మా ఇంటికి పెట్రోలు అవసరమే ఉండేది కాదు. జరిగింది వేరు. అది చెబుతాను.

ముందు కారు సంగతి. అది మా మామగారి పాత ఫియట్. ఆయన బజారులో మేకులు, బోల్టులు, రంగుడబ్బాల అంగడి పెట్టుకుని నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక, ఎవరో వాడిన బండిని కొన్నారు. కొన్ననాటి నుంచీ దానికి రివర్సు గేరు పడదు. లోపల పన్ను విరిగిందని మెకానిక్కులు చెప్పేవారు. మామగారు బాగు చేయించలేదు సరికదా, "మా వంశంలో వెనకడుగు లేదప్పా" అని బజారంతా చాటుకున్నారు. సందులో చిక్కుకుంటే దిగి నిలబడి, దారిన పోయేవాళ్ళను పిలిచి తోయించుకునేవారు. కావేరిపట్టణంలో ఒక పెళ్ళికి పోయి, మండపం గోడకు మూతి ఆనించి కారు ఆపి, తిరిగొచ్చేటప్పుడు మగపెళ్ళివాళ్ళ చేత పట్టుబట్టలతో తోయించిన ఘనుడు. ఈ విరిగిన పన్నును కాస్త గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

మామగారు పోయారు. కొన్నాళ్ళకు ఇంజను కూడా బిగుసుకుపోయింది. దానికి కావలసిన సామాన్లు ఇప్పుడు దొరకవు. కారు మాత్రం మా పోర్టికోలో వీధి వైపు మూతి పెట్టుకుని, ఎవరో పిలుస్తారన్నట్టు నిలబడే ఉంది.

ఆ పోర్టికో నాకు కావాలి. నేను లెక్కల్లో డిగ్రీ చేసినదాన్ని. పదో తరగతి పిల్లలకు ట్యూషను చెబుతాను, మేడ మీద రేకుల షెడ్డులో. ఎండాకాలం ఆ రేకుల కింద పిల్లలు అప్పడాల్లా వేగుతారు. వాన పడితే నేను చెప్పే సూత్రం నాకే వినపడదు. కిందనేమో చల్లటి గాలి, నున్నటి నేల, పెద్ద పోర్టికో. అందులో ఊపిరి లేని కారు.

కదలని ఆ కారుకు ఏటా ఆయుధపూజ ఒకటి. మా వైపు ఆయుధపూజ అంటే ఇనుము కనబడితే చాలు, బొట్టు పెడతారు. అంగట్లో తక్కెడకు, ఇంట్లో కత్తిపీటకు, మిక్సీకి, నా కాంపాసు పెట్టెకు కూడా. బండ్లకైతే నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కించి, వీధి చివర వినాయకుడి గుడిదాకా ఒక చుట్టు తిప్పి తెస్తారు. మా కారు తనంతట తాను తొక్కలేదు కనక, వీధిలో మగవాళ్ళందరూ వచ్చి తోసేవారు. కారు నిమ్మకాయల మీదుగా గేటుదాకా పోయేది. మళ్ళీ తోసి లోపల పెట్టి, బొరుగులూ బెల్లమూ తిని వెళ్ళిపోయేవారు.

పోయినేడు ఆ తంతు చూసి నాకు కడుపు మండింది.

"ఏమండీ, చచ్చిన ఆవును సంతకు తోలినట్టు ఏటేటా తోలతా ఉండారే, సిగ్గు లేదా?"

"పూజ కదే," అన్నారు మా ఆయన.

"పూజ బండికా, తోసేవాళ్ళకా? ఆ కుంకుమ వాళ్ళ నడుములకు పెట్టండి."

బొరుగులు తింటున్న ఎదురింటాయన పొలమారి దగ్గాడు. నేను ఆగలేదు. "వచ్చే ఆయుధపూజకు ఈ బండి దానంతట అదే నిమ్మకాయలు తొక్కాల. తొక్కిందా, ఈడనే ఉండనీ, నేను నోరెత్తను. తొక్కలేదా, మర్నాడే గుజిరి అంగడికి పోతుంది. పోర్టికో నాది."

గుజిరి అంగడంటే పాత ఇనుము కొనే చోటు. ఆ పేరు వినగానే మా ఆయన ముఖం చిన్నబోయింది. అది ఆయన తండ్రి కూర్చున్న సీటు. స్టీరింగు మీద రంగు ఎక్కడ పోయిందో, మామగారి చేతులు అక్కడ ఉండేవని ఇప్పటికీ తడిమి చూసుకుంటారు. నాకు తెలియక కాదు. అయినా పిల్లలు వేగుతున్నారు కదా.

"సరే," అన్నారు. ఆయన అన్నిటికీ సరే అంటారు. ఆ తర్వాత తాను చేసేదే చేస్తారు. నేను అరిచి ఒకటి సాధిస్తే ఆయన సరే అని పది సాధిస్తారు. లోకం నన్నే గయ్యాళి అంటుంది.

ఎండాకాలం ముగిసే ముందు ఒక టెంపోలో ఇంజను వచ్చింది. గుజిరికి పోవలసిన కారుకు గుజిరి అంగడి నుంచే ఇంజను తెచ్చారు. దాంతోపాటు కృష్ణగిరి నుంచి ఒక మెకానిక్కు కూడా దిగాడు. ఇంట్లో తమిళం, మాతో తెలుగు మాట్లాడే మనిషి.

"ఏ కారుది?" అని అడిగాను.

"మంచి కంపెనీది," అన్నారు మా ఆయన.

"మంచి కంపెనీకి పేరుండదా?"

"పేరు అరిగిపోయిందక్కా," అన్నాడు మెకానిక్కు. "ఫారిన్ సరుకు. బర్గూరు రాతి క్వారీలో నీళ్ళ పంపుకు పెట్టి ఉండిరి. ఏనుగు బలం."

"ఏనుగునే తెచ్చి ఉంటే పోయేది. గుడికైనా పనికొచ్చేది."

అప్పుడు జరిగింది అసలు సంగతి. అందరూ దాన్ని వదిలేస్తారు. పోర్టికోలో కుర్చీ వేసుకుని కూర్చున్న మా అత్తగారి ముందుకు వచ్చి మా ఆయన నాతో, "ఏమే, ఆ పొద్దు నువ్వు ఏమన్నావు? అమ్మ ముందర ఇంకోసారి చెప్పు," అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో నన్ను "చాలించు" అన్న మనిషే గాని, "ఇంకోసారి చెప్పు" అన్న మనిషి కాదు. అనుమానం రావాల్సింది. రాలేదు. మళ్ళీ చెప్పే అవకాశం దొరికితే నేను వదిలేదాన్నా? గొంతు సవరించుకుని మరీ చెప్పాను: "బండి దానంతట అదే నిమ్మకాయలు తొక్కాల. తొక్కితే ఉంటుంది, తొక్కకపోతే పోతుంది."

"విన్నావా అమ్మా?"

"చెవుడు మీ నాయనకు, నాకు కాదు," అంది అత్తగారు.

పని మొదలైంది. కొత్త ఇంజనుకూ పాత గేరుపెట్టెకూ పొత్తు కుదరలేదు. ఒకదాని బోల్టులు ఒక చోట, రెండోదాని చిల్లులు ఇంకో చోట. రెంటికీ మధ్య ఒక ఇనుప పలక పెట్టాలి. ఆ పలకకు అట్టతో నమూనా కత్తిరించాలి. అట్ట ఎక్కడిది? మర్నాడు స్పర్శరేఖల పాఠం చెబుదామని నా చార్టు విప్పితే, మధ్యలో వృత్తం లేదు. వృత్తమున్న చోట వృత్తమంత చిల్లు. లేతు షాపుకు పోయి చూస్తే అక్కడివాళ్ళు నా వృత్తాన్ని ఇనుము మీద పెట్టి గీస్తున్నారు. మధ్యలో "కేంద్రం" అని నా చేతిరాత. ఆ వారం పిల్లలకు స్పర్శరేఖలు గాలిలో చూపించాను.

ఇంజను దించే రోజు పోర్టికో దూలానికి చైను పుల్లీ తగిలించారు. దాని పక్కనే దిష్టి గుమ్మడికాయ వేలాడుతూ ఉంది, కిందటి అమావాస్యది, లోపల బాగా కుళ్ళినది. గొలుసు పట్టుకోవడానికి మేడ మీద అద్దెకుండే ఆయన వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం, వచ్చి ఎక్కువ కాలం కాలేదు. చాలా మర్యాదస్థుడు. గొలుసును కూడా "అండీ" అంటాడేమో అన్నట్టుంటాడు.

ఇంజను గాలిలో ఉంది. మెకానిక్కు బానెట్టులోకి నడుముదాకా దూరి, కింద బోల్టులు చూస్తున్నాడు. తొందరలో నోటికి సొంత భాష వచ్చింది.

"ఎరక్కు!" అన్నాడు. తమిళంలో అంటే దించు అని.

మా అద్దె ఆయనకు తమిళం రాదు. ఆయన చెవికి అది "ఇరుక్కు" అని వినపడింది. ఇంజను ఎక్కడో ఇరుక్కుందనుకుని, పాపం, పైకి లాగాడు.

"ఎరక్కు, ఎరక్కు!"

"అయ్యో, బాగా ఇరుక్కుపోయిందాండీ? లాగేస్తున్నానండీ, మీరు కంగారుపడకండి!"

"యోవ్, ఎరక్కు!"

"ఇంకా ఇరుక్కుందాండీ!"

అతను దించమన్నకొద్దీ ఈయన ఎత్తుతున్నాడు. మా ఆయనకు తమిళం, తెలుగు, కన్నడం మూడూ వచ్చు, నోరొక్కటే రాదు. పక్కనే నిలబడి ఒకసారి ఇంజను వైపు, ఒకసారి గుమ్మడికాయ వైపు చూస్తున్నారు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "దించప్పా సామీ, దించు!" అని అరిచేలోగా ఇంజను పోయి గుమ్మడికాయను పొడిచింది. కాయ పగిలింది. లోపలి నల్లటి నీళ్ళన్నీ ఇంజను మీదుగా మెకానిక్కు నడుము మీదికి కారాయి. బానెట్టులోంచి అతను అన్న తమిళం ఎవరికీ అనువాదం అవసరం లేకుండానే అర్థమయింది.

అత్తగారు కుర్చీలోంచి కదలకుండా, "దిష్టి పోయింది. మంచి శకునం," అంది.

అప్పుడు అన్నాను నేను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అన్నాను: "కుళ్ళు గుమ్మడికాయతో తలంటు అయింది కదా. ఈ బండి ఇంక ముందుకు పోయినట్టే!"

ఇదీ సందర్భం. ఇలాంటి చోట మీరైతే ఏమంటారు? మంగళహారతి పాడతారా?

శ్రావణం పోయింది, వినాయక చవితి పోయింది. ఇంజను కూర్చుంది గాని, బానెట్టు మూతపడలేదు. కొబ్బరి తాడుతో కట్టారు. బ్యాటరీ డిక్కీలోకి పోయింది. ఆయుధపూజ ముందు రోజు మధ్యాహ్నం నేను మేడ మీద పాఠం చెబుతుంటే కింద ఇంజను మోగింది. నిజం చెప్పాలంటే బాగా మోగింది. రేకులు అదిరాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కూడా కాళ్ళు నిలవలేదు. దిగి వచ్చాను.

కింద పండగ జరుగుతుందనుకుంటే నిశ్శబ్దం. ఇంజను ఆపేసి ఉంది. కారు ఉన్నచోటి నుంచి ఒక మూర వెనక్కి జరిగి, వెనక గోడకున్న తులసికోటకు దాదాపు తగిలి ఉంది. మెకానిక్కు ఆకాశం చూస్తున్నాడు. మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు, అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులను.

"ఏమైంది?"

"ఏమీ లే. బాగుంది," అన్నారు మా ఆయన.

ఆ సాయంత్రం నలుగురిని పిలిచి కారును బయటికి తోయించి, తిప్పించి, మళ్ళీ లోపలికి తోయించారు. మామగారి కాలం నుంచీ వీధి వైపు మూతి పెట్టిన కారు, ఇప్పుడు ఇంటి వైపు మూతి, వీధి వైపు వీపు.

"ఏంటికిట్ల తిప్పినారు?"

"వెనక అద్దం వెడల్పు. చందనం పూస్తే వీధికి బాగా కనబడుతుంది."

నమ్మాను. ఆయన చందనం గురించి అంత ఆలోచించే మనిషా కాదా అని ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది.

ఆయుధపూజ. కారుకు వీపంతా చందనం, కుంకుమ, బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు. వీధి మగవాళ్ళు అలవాటు ప్రకారం పంచెలు ఎగగట్టి సిద్ధంగా నిలబడ్డారు. "ఎవరూ చెయ్యి పెట్టొద్దండప్పా," అన్నారు మా ఆయన. లోపల కూర్చున్నారు. తాళం తిప్పారు. మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, చెయ్యి పక్క సీటు మీద వేసి, గేరు వేశారు.

కారు వెనక్కి కదిలింది. నిమ్మకాయలు పటపట పగిలాయి. గేటు దాటి, వీధిలోకి పోయి, ఠీవిగా నిలబడింది.

మొదట అందరూ ఈలలు వేశారు. తర్వాత ఎదురింటాయన, "అన్నా, ఈ బండికి రివర్సు పడదు కదా?" అన్నాడు.

"పడదు," అన్నారు మా ఆయన. "ఇది ఫస్టు గేరు."

రెండో గేరు వేశారు. కారు ఇంకా వేగంగా వెనక్కి పోయింది. మూడో గేరు వేయబోతే అందరూ వద్దన్నారు.

మెకానిక్కును నిలదీస్తే చెప్పాడు. ఇంజన్లన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఎక్కడో కొన్ని మాత్రం ఎదురు తిరుగుతాయి. మేము పెట్టింది అలాంటిది. "ఎడమచేతి వాటం ఇంజనక్కా," అన్నాడు. నేను పిల్లలకు చెప్పే భాషలో అపసవ్యదిశ. కాబట్టి ముందుకు పోయే నాలుగు గేర్లూ ఇప్పుడు వెనక్కి పోతాయి. వెనక్కి పోయేది ముందుకు పోవాలి కదా అంటారేమో. దాని పన్ను మామగారి కాలంలోనే విరిగింది. తండ్రి కాలంలో వెనక్కి పోని కారు, కొడుకు కాలంలో ముందుకు పోని కారు అయింది.

"చెల్లదు," అన్నాను. "నేను ఒప్పుకోను. తొక్కడమంటే ముందుకు పోయి తొక్కడం."

"ముందుకు అని నువ్వు అనలేదు," అన్నారు మా ఆయన. ఎప్పుడూ రాని నోరు ఆ రోజు వచ్చింది. "దానంతట అదే తొక్కాల అన్నావు. అమ్మ ఉండాది, అడుగు."

"అనాల్నా? అన్నం తినమంటే నోటితో తినమని కూడా చెప్పాల్నా?"

వీధి మొత్తం మా అత్తగారి వైపు తిరిగింది. ఆమె నెమ్మదిగా లేచి వచ్చి, కర్ర కొనతో ఒక నిమ్మకాయను కదిపి చూసింది.

"తొక్కింది బండి. తొక్కించుకున్నది నిమ్మకాయ. దాన్ని అడుగమ్మా, ముందుకా వెనక్కా అని."

"అది కాదత్తా, న్యాయంగా చెప్పు. నువ్వు విన్నావు కదా, నేను చెప్పినదాని అర్థమేంది?"

"అర్థం నాకు తెలీదు. మాట విన్నాను. మాటలో ముందుకు లేదు," అని, ఆమె కారు వెనక తలుపు తెరిచి లోపలికి ఎక్కింది.

తీర్పు చెప్పిన మనిషి వెంటనే ఆ కారే ఎక్కితే దాన్ని ఏమంటారో లోకం తెలిసినవాళ్ళు చెప్పాలి. ఎక్కి, వెనక సీటు మీద కాళ్ళు ముడుచుకుని, వెనక అద్దం వైపు తిరిగి కూర్చుంది. చందనం కొంచెం తుడిచి బయటికి చూసింది.

"మీ మామ బతికినన్నాళ్ళూ ఆయన బట్టతల చూస్తా పోయినాను," అంది. "ఇప్పుడు రోడ్డు నాకే ముందర కనబడతా ఉంది. పోనీరా నాయనా."

పోయింది. వీధి చివరిదాకా వెనక్కి పోయింది. మా అత్తగారు ముందు, నా మొగుడు వెనక. ఆమె లోపలి నుంచి "ఆవు, ఆవు! ఎడమకు! నీ ఎడమ కాదు, నా ఎడమ!" అని చెప్పడం బయటికి వినబడుతోంది. ఎదురొచ్చిన స్కూటర్లవాళ్ళు, కారు తమ వైపు వస్తోందో పోతోందో తేలక, దిగి పక్కన నిలబడ్డారు. గుడి దగ్గర పూజారి హారతి పళ్ళెం పట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. భక్తితో కాదు, ముఖం వెతుక్కుంటూ. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలని అడిగాడు. అత్తగారు వేలితో తన వైపు చూపించింది. అక్కడే కొట్టాడు.

కారు ఇప్పటికీ పోర్టికోలోనే ఉంది. ఇచ్చిన మాట ప్రకారం నేను దాని గురించి ఇంట్లో నోరెత్తడం లేదు, అందుకే రాస్తున్నాను. రాయకూడదని కూడా షరతులో లేదు. పిల్లలు రేకుల కిందే వేగుతున్నారు. శుక్రవారం శుక్రవారం తల్లీకొడుకులు గుడికి వెనక్కి పోయి వస్తారు. ఆయన మెడ పట్టేసింది. నూనె రాసేది నేనే.

నూనె రాసేటప్పుడు మాత్రం అడుగుతాను, బండి గురించి కాదు, ఇంజను కొన్న సంగతి గురించి. మెడ నా చేతుల్లో ఉంటుంది కనక తప్పించుకోలేరు. ముందు రోజు కారు తిప్పించినప్పుడు మీకు తెలుసు, అది సరే, తులసికోటే సాక్షి. నేను అడిగేది అది కాదు. టెంపోలోంచి ఇంజను ఇంకా దిగకముందే, మీ అమ్మ ముందర నా మాట నాతోనే ఇంకోసారి చెప్పించారు కదా. అంటే గుజిరి అంగట్లో ఏ చక్రమో చేత్తో తిప్పి చూసి, అది ఎటు తిరుగుతుందో తెలిసే కొన్నారా?

"కొంచెం కిందికి రాయి," అంటారు మా ఆయన.

కిందికే రాస్తానండీ. ముందు చెప్పండి, తెలిసే కొన్నారా?